విండోస్, లైనక్స్, మ్యాక్‌లకు ఒకే డేటా డ్రైవ్: ఫోల్డర్లు మాయం కాకుండా ఏ ఫార్మాట్ ఎంచుకోవాలి?

ల్యాప్‌టాప్‌లో విండోస్, పక్కనే ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం), రెండింటికీ ఉమ్మడిగా ఒక డేటా డ్రైవ్. మన దగ్గర ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామందిది ఇదే సెటప్. రాత్రి ఉబుంటులో 'ప్రాజెక్ట్ ఫైనల్' అని ఫోల్డర్ పెట్టి ఫైళ్ళన్నీ అందులో వేస్తారు. పొద్దున్న విండోస్ తెరిస్తే ఆ ఫోల్డర్ ఉండదు. కంగారుగా మళ్ళీ ఉబుంటులోకి వెళ్తే అక్కడా ఉండదు, ఉన్నా తెరుచుకోదు.

డ్రైవ్ పోయిందనో, వైరస్ పట్టిందనో అనుకుంటారు. ఎక్కువసార్లు రెండూ కాదు. ఒకే డ్రైవ్‌ను రెండు సిస్టమ్‌లు ఎవరి పద్ధతిలో వాళ్ళు వాడుకోవడం వల్ల వచ్చే పేచీ ఇది. డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో (ఫైళ్ళను, ఫోల్డర్లను అమర్చుకునే పద్ధతి) ఉందన్నదాన్ని బట్టి ఆ పేచీ వచ్చే తీరు మారుతుంది. అందుకే ఫార్మాట్ ఎంచుకునేటప్పుడు స్పీడ్ కంటే ముందు "దీంట్లో ఫోల్డర్ ఎలా పోతుంది, పోతే ఎవరు తిరిగి తేగలరు" అని అడగాలని నా అభిప్రాయం.

## ఇప్పుడే ఫోల్డర్ కనపడట్లేదా? ముందు ఇది చూడండి

ఆ డ్రైవ్ మీద కొత్తగా ఏమీ రాయకండి. కాపీలు, డౌన్‌లోడ్లు, రిపేర్లు అన్నీ ఆపండి. 'ఫార్మాట్ చేయాలా?' అని విండోస్ అడిగితే క్యాన్సిల్ కొట్టండి.

తర్వాత డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఎంత జాగా వాడుకలో ఉందో చూడండి. కనపడే ఫోల్డర్లన్నీ కలిపినా 120 జీబీ దాటడం లేదు, డ్రైవ్ మాత్రం 300 జీబీ నిండిందని చెబుతోంది అనుకోండి. మిగతా డేటా చాలావరకు అక్కడే ఉంది, మీకు కనపడటం లేదంతే. ఈ చిన్న లెక్కతో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు రెండో సిస్టమ్‌లో చూడండి.

లైనక్స్‌లో కనపడి విండోస్‌లో కనపడకపోతే హిడెన్, సిస్టమ్ గుర్తులు పడి ఉండొచ్చు. జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టి తీసుకొచ్చాక ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్లు కనపడటం ఈ బాపతే. ఆ వైరస్ ఫోల్డర్లను చెరపదు, గుర్తులు మార్చి దాచేస్తుంది. లైనక్స్ ఆ గుర్తులను మామూలుగా పట్టించుకోదు కాబట్టి అక్కడ అన్నీ కనిపిస్తాయి. షార్ట్‌కట్ల మీద క్లిక్ చేయకుండా లైనక్స్‌లోంచి డేటా బయటికి తీసుకోండి. లైనక్స్ లేకపోతే విండోస్ ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఐటమ్స్ చూపించమని పెట్టి, 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' అన్న టిక్ కూడా తీసేయండి.

విండోస్‌లో కనపడి లైనక్స్‌లో కనపడకపోతే పేరు చుక్కతో మొదలవుతోందేమో చూడండి. లైనక్స్ అలాంటివాటిని దాచి ఉంచుతుంది. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడతాయి. అది కాకపోతే వన్‌డ్రైవ్ వైపు చూడండి. ఆ ఫైల్ అసలు క్లౌడ్‌లోనే ఉండి, మీ డిస్క్ మీద పేరు మాత్రమే ఉన్నప్పుడు లైనక్స్‌కు తెగిపోయిన లింకు తప్ప ఏమీ దొరకదు. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ డివైస్‌లోనే ఉంచమని చెబితే అసలు ఫైల్ దిగుతుంది.

రెండింట్లోనూ లేకపోతే '.ట్రాష్-1000' అన్న ఫోల్డర్ ఉందేమో వెతకండి. లైనక్స్‌లో డిలీట్ చేసినవి అదే డ్రైవ్‌లో ఆ ఫోల్డర్‌లో పడి ఉంటాయి, విండోస్ రీసైకిల్ బిన్‌లో అవి కనపడవు. 'ఫౌండ్.000' అన్న ఫోల్డర్ కూడా చూడండి. విండోస్ డిస్క్ చెకింగ్ చేసినప్పుడు దిక్కులేకుండా మిగిలిన ముక్కలను అందులో పోగేస్తుంది.

ఇవేవీ కాకపోతే రికవరీ పని. అది వేరే సంగతి, అక్కడ కూడా మొదటి షరతు డ్రైవ్ మీద ఏమీ రాయకపోవడమే.

## ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

ఏయే సిస్టమ్‌లు రాస్తాయి? చదవడం వేరు, రాయడం వేరు. మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ సొంత ఫార్మాట్) డ్రైవ్‌ను చదువుతుంది కానీ దానంతట అది రాయదు. చదివితే చాలన్న చోట ఎంపిక చాలా సులువు.

పాడైతే రిపేర్ చేసే సిస్టమ్ మీ దగ్గర ఉంటుందా? దీన్ని ఎవరూ అడగరు, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను పూర్తిగా సరిచేసే చెక్‌డిస్క్ విండోస్‌లోనే ఉంది. లైనక్స్‌లో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ కొన్ని చిన్న లోపాలు సవరించి, డ్రైవ్ మీద పడిన 'డర్టీ' గుర్తును తుడుస్తుంది, అంతకుమించి ఆశించకూడదు. రేపు విండోస్ తీసేస్తారనుకుంటే మీ డ్రైవ్‌కు వైద్యుడు లేనట్టే.

డ్రైవ్ ఒక్కచోటే ఉంటుందా, తిరుగుతుందా? కేబుల్ ఎప్పుడైనా ఊడే డ్రైవ్‌కు జర్నలింగ్ ఉండటం చాలా తేడా తెస్తుంది. చేయబోయే మార్పును ముందు ఒకచోట రాసుకుని తర్వాత అమలు చేసే పద్ధతి అది. మధ్యలో కరెంటు పోయినా ఫోల్డర్ల పట్టిక పూర్తిగా చెడదు.

లోపల ఏముంది? పెద్ద వీడియోలా, వేల కొద్దీ చిన్న ఫైళ్ళా, తెలుగు పేర్లున్న ఫోల్డర్లా?

## ఒక్క చూపులో

| | ఎన్‌టీఎఫ్‌ఎస్ | ఎక్స్‌ఫ్యాట్ | ఈఎక్స్‌టీ4 | నెట్‌వర్క్ షేర్ |
|---|---|---|---|---|
| విండోస్ | చదువుతుంది, రాస్తుంది | చదువుతుంది, రాస్తుంది | నేరుగా తెరవదు | చదువుతుంది, రాస్తుంది |
| లైనక్స్ | చదువుతుంది, రాస్తుంది | చదువుతుంది, రాస్తుంది | సొంత ఫార్మాట్ | చదువుతుంది, రాస్తుంది |
| మ్యాక్ | చదవడం వరకే | చదువుతుంది, రాస్తుంది | నేరుగా తెరవదు | చదువుతుంది, రాస్తుంది |
| జర్నలింగ్ | ఉంది | లేదు | ఉంది | సర్వర్ డిస్క్‌ను బట్టి |
| రిపేర్ ఎక్కడ | విండోస్‌లో | మూడింట్లోనూ | లైనక్స్‌లో | సర్వర్‌లో |
| ఫోల్డర్ పోయే ముఖ్య కారణం | ఫాస్ట్ స్టార్టప్ | సేఫ్‌గా తీయకపోవడం | పొరపాటున ఫార్మాట్ కొట్టడం | పేర్ల తేడా, పర్మిషన్లు |

## ఎన్‌టీఎఫ్‌ఎస్: డ్యుయల్ బూట్ ల్యాప్‌టాప్‌కు మొదటి ఎంపిక, ఒక షరతు మీద

విండోస్, లైనక్స్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉండి, డేటా డ్రైవ్ లోపలే ఉంటే నేను ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే చెబుతాను. జర్నలింగ్ ఉంది, ఫైల్ సైజు బెంగ లేదు, చిన్న ఫైళ్ళు ఎక్కువ జాగా తినవు. లైనక్స్‌లో చాలాకాలం ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్ (ఈ ఫార్మాట్‌ను చదివి రాసే ప్రోగ్రామ్) మీదే నడిచింది. 2021లో వచ్చిన 5.15 కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) నుంచి కెర్నెల్‌లోనే ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే డ్రైవర్ కూడా ఉంది.

షరతు ఏంటంటే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ఫోల్డర్ పోవడానికి అన్నిటికంటే తరచుగా కారణం అదే.

విండోస్ 8 నుంచి 'షట్‌డౌన్' అంటే పూర్తిగా ఆగడం కాదు. మీ ప్రోగ్రామ్‌లు మూసుకుంటాయి కానీ సిస్టమ్ లోపలి స్థితిని, అప్పటికి తెరిచి ఉన్న డ్రైవ్‌ల వివరాలతో సహా, ఒక ఫైల్‌లో దాచిపెట్టి నిద్రపోతుంది. మళ్ళీ ఆన్ చేసినప్పుడు దాన్నే మెమరీలోకి తెచ్చుకుంటుంది. ఈలోపు మీరు లైనక్స్‌లోకి వెళ్ళి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టారు. విండోస్ లేచాక దాని దగ్గరున్నది పాత పట్టిక. నిన్నటి హాజరు పట్టీ పట్టుకుని ఇవాళ క్లాసులో పిల్లల్ని లెక్కపెట్టినట్టు, కొత్తగా వచ్చిన ఫోల్డర్ దాని లెక్కలో ఉండదు. అంతటితో ఆగితే ఫరవాలేదు. విండోస్ తన పాత పట్టికను తిరిగి డ్రైవ్ మీద రాసినప్పుడు లైనక్స్ పెట్టిన ఫోల్డర్ నిజంగానే పోతుంది.

ఇప్పటి లైనక్స్ డ్రైవర్లు డ్రైవ్ ఈ స్థితిలో ఉందని చాలాసార్లు పసిగట్టి రాయడానికి ఒప్పుకోవు, రీడ్-ఓన్లీగా తెరుస్తాయి లేదా అసలు తెరవవు. దాన్ని విసుగనుకుని బలవంతంగా మౌంట్ చేసే (డ్రైవ్‌ను తగిలించి తెరిచే) ఆదేశాలు నెట్‌లో వెతికి వాడకండి. ఆ అడ్డు మీ డేటా కోసమే ఉంది. డ్రైవర్ ప్రతిసారీ పసిగడుతుందన్న భరోసా కూడా పెట్టుకోకండి.

ఆపే దారి: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ'. అక్కడ 'ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవెయిలబుల్' నొక్కితే కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్ కదులుతుంది. అది తీసేసి సేవ్ చేయండి. విండోస్‌ను హైబర్నేట్‌లో పెట్టి లైనక్స్‌లోకి వెళ్ళే అలవాటు ఉంటే అదీ మానాలి, ప్రమాదం ఒకటే. మరొకరి ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ మార్చలేకపోతే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. రీస్టార్ట్‌కు ఈ ఇబ్బంది లేదు, అది ఎప్పుడూ పూర్తిగానే ఆగి లేస్తుంది. "రీస్టార్ట్ చేస్తే ఫోల్డర్ ఉంటోంది, షట్‌డౌన్ చేస్తే పోతోంది" అని ఎవరైనా అంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత ఆ టిక్ మళ్ళీ పడిందేమో ఒకసారి చూసుకోండి.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఇంకో రెండు సంగతులు. డ్రైవ్‌కు బిట్‌లాకర్ (విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే లైనక్స్‌లో మొత్తం డ్రైవ్ తాళం వేసినట్టే కనపడుతుంది. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే ఇలాంటి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయ్యే అవకాశం ఉంది. లైనక్స్ వేసుకునే ముందే రికవరీ కీ రాసిపెట్టుకోండి.

రెండోది అక్షరాల సంగతి. లైనక్స్‌కు 'ఫోటోస్' అన్నది ఇంగ్లీషులో పెద్ద అక్షరంతో రాస్తే ఒక ఫోల్డర్, చిన్న అక్షరంతో రాస్తే మరో ఫోల్డర్. రెండూ పక్కపక్కనే పెట్టుకోనిస్తుంది. విండోస్‌లో పేర్లు రెండూ కనిపిస్తాయి కానీ ఏది నొక్కినా ఒకే ఫోల్డర్ తెరుచుకునే ప్రమాదం ఉంది. రెండోదాంట్లోని ఫైళ్ళు పోయాయని మీరు వెతుకుతుంటారు. అదీ మాయమే, కానీ లైనక్స్‌లో ఒకదాని పేరు మారిస్తే తిరిగొస్తుంది.

## ఎక్స్‌ఫ్యాట్: తిరిగే డ్రైవ్‌కు, మ్యాక్ ఉన్న ఇంటికి

పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళను తీసుకోండి. కెమెరా కార్డు, ఎడిటింగ్‌కు మ్యాక్, ఆల్బమ్ డిజైన్‌కు విండోస్, చివరికి కస్టమర్ ఇంటి ల్యాప్‌టాప్. ఇన్ని చోట్లా ఒకే పోర్టబుల్ డ్రైవ్ పనిచేయాలంటే ఎక్స్‌ఫ్యాట్ తప్ప వేరే దారి లేదు. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది, మ్యాక్ 2010 నుంచి చదివి రాస్తోంది. 2019లో మైక్రోసాఫ్ట్ దాని వివరాలు బయటపెట్టాక, 2020లో వచ్చిన 5.7 కెర్నెల్‌తో లైనక్స్‌లోనూ గట్టి డ్రైవర్ వచ్చింది.

అన్నిటికంటే పెద్ద బలహీనత: జర్నలింగ్ లేదు. ఫైళ్ళ చిరునామాల పట్టిక మామూలుగా ఒక్కటే కాపీ ఉంటుంది. పాత ఫ్యాట్32లో రెండు ఉండేవి. రాస్తుండగా కేబుల్ లాగితే ఒక ఫైల్ కాదు, ఒక ఫోల్డరే ఖాళీ అయిపోవచ్చు. లైనక్స్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. కాపీ బార్ వంద శాతం చూపించినా డేటా కొంత ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. 'ఎజెక్ట్' కొట్టి, ఇక తీయొచ్చని చెప్పేదాకా ఆగండి. పెద్ద వీడియోలకు అది నిమిషాలు పట్టినా ఆగాల్సిందే.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకు నేను ఎక్స్‌ఫ్యాట్ వద్దంటాను. విండోస్‌లో 32 జీబీ దాటిన డ్రైవ్‌ను మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ చేస్తే ఒక్కో గడి (ఫైల్‌కు కేటాయించే కనీస జాగా) 128 కేబీ అవుతుంది. 1 కేబీ ఫైల్‌కు కూడా 128 కేబీ జాగా పోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మామూలుగా అది 4 కేబీ. ఒక వెబ్ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో వేల చిన్న ఫైళ్ళుంటాయి, డ్రైవ్ ఎందుకు నిండిందో అర్థం కాదు. పైగా సింబాలిక్ లింకులు (వేరే ఫైల్‌కు దారి చూపే గుర్తులు), లైనక్స్ పర్మిషన్లు దీంట్లో నిలవవు. కాపీ మధ్యలో ఎర్రర్లు వచ్చి కొన్ని ఫోల్డర్లు అసలు రాకుండానే ఉండిపోతాయి, ఆ సంగతి నెల తర్వాత తెలుస్తుంది.

మ్యాక్‌లో వాడాక విండోస్‌లో చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్ళు కనిపిస్తే అవి మ్యాక్ పెట్టుకున్న గుర్తులు. వైరస్ కాదు.

## ఈఎక్స్‌టీ4: లైనక్స్‌లోనే ఉండేవాళ్ళకు

పనంతా లైనక్స్‌లో, విండోస్ నెలకోసారి అంటే ఈఎక్స్‌టీ4 పెట్టుకుని ప్రశాంతంగా ఉండండి. రిపేర్ పరికరాలు చేతిలోనే ఉంటాయి, పర్మిషన్లు, లింకులు అన్నీ సవ్యంగా ఉంటాయి.

కానీ విండోస్ దాన్ని గుర్తుపట్టదు. విడి డ్రైవ్ తగిలిస్తే 'వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అంటుంది. ఇంట్లో మరొకరు ఎస్ కొడితే డ్రైవంతా పోతుంది. నలుగురు వాడే ఇంట్లో ఈఎక్స్‌టీ4 పోర్టబుల్ డ్రైవ్ పెట్టొద్దనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు. విండోస్ 11లో లైనక్స్ సబ్‌సిస్టమ్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) ద్వారా ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను తెరవొచ్చు. అయితే అది డిస్క్ మొత్తాన్ని తీసుకుంటుంది, విండోస్ ఉన్న డిస్క్‌ను అలా ఇవ్వలేరు. ఒకే డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు ఆ దారి మూసుకున్నట్టే.

ఫోల్డర్ల మీద తాళం గుర్తు కనపడి తెరుచుకోకపోతే అది యూజర్ నంబర్ తేడా. ఒక లైనక్స్‌లో మీ నంబర్ 1000, మరో లైనక్స్‌లో 1001 అయితే పేరు ఒకటే అయినా మీరు పరాయివాళ్ళే. ఓనర్‌షిప్ మార్చుకుంటే సరిపోతుంది.

## నెట్‌వర్క్ షేర్: కంప్యూటర్లు రెండు మూడు ఉంటే

డ్రైవ్‌ను ఒక యంత్రానికి అప్పగించి, మిగతావాళ్ళు వైఫై ద్వారా వాడుకోవడం. నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే డ్రైవ్‌ల పెట్టె) కావచ్చు, పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ వేసి సాంబా (ఫోల్డర్లను నెట్‌వర్క్‌లో పంచే ప్రోగ్రామ్) పెట్టినదైనా కావచ్చు. డ్రైవ్ మీద రాసేది ఒక్క సిస్టమే కాబట్టి పాత పట్టిక, కొత్త పట్టిక గొడవే ఉండదు. ఒకే కంప్యూటర్‌లో డ్యుయల్ బూట్ చేసేవాళ్ళకు ఇది అక్కర్లేదు, ఇద్దరు ముగ్గురున్న ఇంటికి, చిన్న ఆఫీసుకు మాత్రం నేను దీన్నే మెచ్చుతాను. తెలుగు డీటీపీ పనికి అను ఫాంట్ల కోసం ఒక విండోస్ మెషిన్, డిజైన్‌కు ఒక మ్యాక్ నడిపే ప్రెస్సులకు ఇది బాగా నప్పుతుంది.

ఇక్కడ ఫోల్డర్ కనపడకపోతే ముందు పేరు చూడండి. లైనక్స్ సర్వర్‌లో కోలన్ పెట్టిన పేరు విండోస్ వైపు గుర్తుపట్టలేని పొట్టి పేరుగా మారిపోతుంది. మొత్తం షేరే కనపడకపోతే అది పాత రౌటర్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించిన డ్రైవా అని చూడండి. అలాంటి రౌటర్లు కొన్ని ఎస్‌ఎంబీ1 అనే పాత పద్ధతే మాట్లాడతాయి, విండోస్ 10 దాన్ని 2017 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో ఆపేసింది. భద్రత కోసం ఆపిన దాన్ని తిరిగి ఆన్ చేయడం కంటే రౌటర్ మార్చడం మేలు.

ఫ్యాట్32 గురించి ఒక్క మాట: 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. పాత టీవీకి, కారు స్టీరియోకి పాటల పెన్‌డ్రైవ్‌గా పనికొస్తుంది, డేటా డ్రైవ్‌గా వద్దు.

## ఏది ఎంచుకున్నా తప్పని మూడు సంగతులు

మౌంట్ అయ్యే చోటు. లైనక్స్‌లో డేటా డ్రైవ్‌ను ఒక ఖాళీ ఫోల్డర్ మీద తగిలిస్తాం. ఒకరోజు ఏ కారణం చేతనో డ్రైవ్ తగలకుండానే సిస్టమ్ లేస్తుంది. డౌన్‌లోడ్లు ఆ ఖాళీ ఫోల్డర్‌లోనే పడతాయి, అంటే లైనక్స్ ఉన్న డిస్క్ మీద. మర్నాడు డ్రైవ్ సరిగ్గా తగులుతుంది, నిన్నటి ఫోల్డర్లు దాని కింద కప్పబడిపోతాయి. డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి అదే ఫోల్డర్ తెరిచి చూడండి, అక్కడే ఉంటాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డ్రైవ్ ఎక్కడ తగలాలో లైనక్స్ చూసుకునే ఫైల్) డ్రైవ్‌ను దాని యూయూఐడీతో (ఆ డ్రైవ్‌కే ఉండే గుర్తింపు నంబర్) రాసుకుంటే పోర్టు మారినా సరైన డ్రైవే తగులుతుంది.

పేర్లు. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, కొటేషన్, నిలువు గీత, కోణపు గుర్తులు విండోస్ ఒప్పుకోదు. పేరు చివర చుక్క, ఖాళీ కూడా అంతే. లైనక్స్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ మీద 'పెళ్ళి: రిసెప్షన్' అని పెట్టనిచ్చినా విండోస్‌లో దాన్ని తెరవలేరు. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీతో మౌంట్ చేసేటప్పుడు 'విండోస్_నేమ్స్' అనే ఆప్షన్ పెట్టుకుంటే అలాంటి పేర్లు మొదట్లోనే ఆగిపోతాయి.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్ళకు ఇంకో రెండు చిక్కులున్నాయి. ఈఎక్స్‌టీ4లో పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో ఒక్కో యూనికోడ్ కోడ్‌కు మూడు బైట్లు పడతాయి, గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్క. అంటే 85 కోడ్‌లతో సరి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 255 కోడ్‌ల దాకా పడుతుంది. ప్రవచనం ఆడియోలకు తేదీ, ఊరు, అంశం కలిపి పొడుగ్గా పెట్టిన పేర్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి ఈఎక్స్‌టీ4కు కాపీ చేస్తే కొన్ని ఆగిపోయేది ఇందుకే. రెండోది ఐత్వం. యూనికోడ్‌లో 'ై' ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డ్రైవ్‌లు రెండో పద్ధతిలో దాచేవి. అక్కడి 'పైరు' ఫోల్డర్, లైనక్స్‌లో మీరు టైప్ చేసిన 'పైరు' కంటికి ఒకటే అయినా లైనక్స్‌కు రెండు వేర్వేరు పేర్లు. వెతికితే దొరకదు, కాపీ చేస్తే రెండు ఫోల్డర్లవుతాయి.

పార్టిషన్ గుర్తు. లైనక్స్‌లో తయారుచేసిన ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్‌కు విండోస్‌లో డ్రైవ్ అక్షరమే రాకపోతే, దాని రకం లైనక్స్‌ది అని పడి ఉంటుంది. లైనక్స్‌లోని పార్టిషన్ ప్రోగ్రామ్ జీపార్టెడ్‌లో 'ఎంఎస్‌ఎఫ్‌టీడేటా' ఫ్లాగ్ పెట్టండి. ఈ తలనొప్పి లేకుండా ఈ రెండు ఫార్మాట్లూ విండోస్‌లోనే చేసుకోవడం మంచిది.

## మీ సంగతేంటి?

డ్యుయల్ బూట్ చేసే విద్యార్థి అయితే లోపలి డ్రైవ్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్. కోడ్ మాత్రం లైనక్స్ పార్టిషన్‌లోనే ఉంచుకుని గిట్ (కోడ్ కాపీలను, మార్పులను చూసుకునే ప్రోగ్రామ్) ద్వారా రెండు వైపులా తెచ్చుకోండి, ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టకండి. వీడియోలు, పీడీఎఫ్‌లు, సినిమాలకు ఉమ్మడి డ్రైవ్ చాలు.

మ్యాక్ కూడా రాయాల్సి ఉంటే ఎక్స్‌ఫ్యాట్. కాకపోతే దాన్ని డేటా మోసుకెళ్ళే డ్రైవ్‌గానే చూడండి, అసలు కాపీ వేరేచోట ఉండాలి. విదేశాల్లో పిల్లలు, ఇక్కడ తల్లిదండ్రులు ఉన్న ఇళ్ళల్లో కుటుంబ ఫోటోల ఒకే ఒక్క కాపీ ఎక్స్‌ఫ్యాట్ పోర్టబుల్ డ్రైవ్‌లో, సూట్‌కేసులో తిరుగుతుంటుంది. ఇది చదువుతున్నవాళ్ళలో అలాంటివాళ్ళుంటే ఈ వారంలోనే రెండో కాపీ తీయండి.

విండోస్ వదిలేసే ఆలోచన ఉంటే వదిలేముందే డేటాను ఈఎక్స్‌టీ4కు మార్చుకోండి. చెక్‌డిస్క్ చేతిలో ఉన్నప్పుడే డ్రైవ్ ఒకసారి చెక్ చేసి, ఆ తర్వాత కాపీ చేయండి.

ఫార్మాట్ మార్చడమంటే డ్రైవ్ తుడిచేయడమే, కాబట్టి అంత జాగా ఉన్న రెండో డ్రైవ్ అరువు తెచ్చుకునైనా సరే ముందు పూర్తి కాపీ తీయాలి. కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ల సంఖ్య, ఫైళ్ళ సంఖ్య సరిపోల్చండి. సైజు ఒక్కటే చూడకండి, గడి సైజు తేడా వల్ల డిస్క్ మీద పట్టే జాగా ఎటూ కలవదు. కొత్త ఫార్మాట్ పెట్టాక అసలు డేటా వేసేముందు ఒక పరీక్ష ఫోల్డర్ పెట్టి, షట్‌డౌన్ చేసి, రెండో సిస్టమ్‌లోకి వెళ్ళి అందులో ఒక ఫైల్ చేర్చి, మళ్ళీ మొదటి సిస్టమ్‌లో చూడండి. రీస్టార్ట్‌తో కాదు, షట్‌డౌన్‌తోనే. ఆ ఫైల్ కనపడి, తెరుచుకుంటే డేటా తిరిగి వేయడం మొదలుపెట్టొచ్చు.